తీపికీ ఓ తిథి ఉండాలి

బరువు తగ్గాలనుకునేవాళ్ళకి అసలు పరీక్ష పొద్దున ఉండదు. పొద్దున అందరం బుద్ధిమంతులమే. గోరువెచ్చటి నీళ్ళు, నానబెట్టిన నాలుగు బాదం పప్పులు, పంచదార లేని కాఫీ, రెండు ఇడ్లీలు... అన్నీ లెక్కప్రకారం నడుస్తాయి. సాయంత్రం ఆరు దాటాక మొదలవుతుంది అసలు కథ. మీటింగులు అయిపోయి, బుర్ర వేడెక్కి, ఇంకా రూమ్‌కి చేరని ఆ గంటలో ఫోన్ చిన్నగా మోగుతుంది. మీకిష్టమైన బిర్యానీ మీద ఈ రాత్రికే ఆఫర్ అట!

ఆ మెసేజ్ సరిగ్గా ఆ టైమ్‌కే ఎందుకొస్తుందో నాకు తెలుసు. హైదరాబాద్‌లో నా ఉద్యోగమే అలాంటి నోటిఫికేషన్లు పంపే సాఫ్ట్‌వేర్ రాయడం. మాది ఫుడ్ యాప్ కాదు గానీ సూత్రం ఎక్కడైనా ఒకటే. మీరు మామూలుగా ఏ వారం, ఏ గంటకి, ఏం కొంటారో సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ గంటకి కాస్త ముందు తలుపు తడుతుంది. అంటే అటువైపు నిద్రపోని కంప్యూటర్లు, ఓ పెద్ద టీమ్. ఇటువైపు పొద్దున్నుంచీ పని చేసి అలసిపోయిన మీరొక్కరే. ఓడిపోతే "నాకు విల్‌పవర్ లేదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఆట ఎలా నడుస్తోందో మాత్రం చూడం.

ఈ గొడవ నాకెందుకు పట్టిందంటే, పోయినేడాది ఆఫీసులో చేసిన హెల్త్ చెకప్. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు, నడుం 102 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 6.1. మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 దాటితే డయాబెటిస్. నాకప్పుడు 27 ఏళ్ళు. మా నాన్నకి షుగర్ వచ్చింది 46వ ఏట. ఆయన చందర్లపాడులో పత్తి, మిరప చేలల్లో తిరిగిన మనిషి. నేను రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునేవాణ్ణి. నాన్న కంటే పంతొమ్మిదేళ్ళు ముందే ఆ గడప దగ్గర నిలబడ్డానని ఆ కాగితం చెప్పింది.

నేనొక్కణ్ణే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో దాదాపు 36 శాతం, మగవాళ్ళలో 31 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది ప్రీడయాబెటిస్‌లో ఉన్నారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. పైగా మనవాళ్ళకి పొట్ట దగ్గర కొవ్వు త్వరగా చేరుతుంది. అందుకే భారతీయులకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని డాక్టర్లు లెక్కేస్తున్నారు. నాది అప్పుడు దాదాపు 30.

మంచి వార్త కూడా ఉంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ప్రీడయాబెటిస్ దశలో ఉన్న 531 మంది మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. అమెరికాలో జరిగిన ఇంకో పెద్ద అధ్యయనంలో పెట్టుకున్న లక్ష్యం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. నా 88 కిలోల్లో 7 శాతం అంటే ఆరు కిలోలు. సినిమా హీరోలా సిక్స్‌ప్యాక్ అక్కర్లేదు. ఆరు కిలోలు తగ్గాలి, తగ్గినవి మళ్ళీ రాకూడదు. కష్టమంతా ఆ రెండో మాటలోనే ఉంది.

మన దగ్గర డైట్‌లకి కొదవా?

డైట్‌ల విషయంలో మా కృష్ణా తీరానికి లోటు లేదు. నది అవతలి గట్టున, ఉండవల్లి దగ్గర మంతెన సత్యనారాయణరాజు గారి ప్రకృతి ఆశ్రమం. ఉప్పు, నూనె, పంచదార లేని వంట ఆయన టీవీలో చెప్తుంటే మా వీధిలో సగం మంది పొద్దున్నే లీటర్ల కొద్దీ నీళ్ళు తాగారు. 2018 ప్రాంతంలో విజయవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ వచ్చింది. అన్నం బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు, మల్టీ విటమిన్ బిళ్ళలు. అల్లోపతి డాక్టర్లు అభ్యంతరాలు చెప్పారు, పాటించినవాళ్ళు మా అనుభవం చూడండన్నారు. ఆ రోజుల్లో పెళ్ళి భోజనాల్లో కూడా అదే చర్చ. తర్వాత ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అంటూ ఊరూరా తిరిగి చెప్పిన ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా ఆ 2023నే.

వీటిలో ఏది గొప్ప అన్న పంచాయితీ ఇక్కడ పెట్టను. నాకు కనిపించింది వేరే సంగతి. ఒకరు ఉప్పు తీసేయమంటారు, ఒకరు అన్నం తీసేయమంటారు, ఇంకొకరు తెల్ల బియ్యం, గోధుమ తీసేయమంటారు. వినేవాళ్ళ చేతికి చివరికి మిగిలేది ఓ "వద్దు" జాబితా. ఆ జాబితా ఎంత పొడుగైతే డైట్ అంత పవర్‌ఫుల్ అని మనకో నమ్మకం. మొదటి నెల ఆ జాబితా పనిచేస్తుంది. మూడో నెలలో, వద్దన్న వస్తువే కలలోకి వస్తుంది. నా రూమ్మేట్ ఒకడు ఇలాగే ఓ కఠినమైన డైట్ పట్టి రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. వాళ్ళక్క పెళ్ళి వచ్చింది. పెళ్ళి తర్వాత ఆర్నెల్లకి తొమ్మిదికి పదకొండు తిరిగొచ్చాయి. వాడు బద్ధకస్తుడేం కాదు. పొద్దున అయిదింటికి లేచి కోడింగ్ పరీక్షలకి చదివేవాడు.

కడుపు లెక్క వేరే

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఓ ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆకలితో చిక్కిపోయినవాళ్ళకి తిరిగి తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు ముందుకొచ్చారు. 24 వారాలపాటు వాళ్ళకి తిండి సగానికి తగ్గించారు. రోజుకి సుమారు 1,570 కేలరీలు. వాళ్ళ బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. కానీ జరిగింది అదొక్కటే కాదు. వాళ్ళ మాటలన్నీ తిండి చుట్టూ తిరగడం మొదలైంది. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. ప్లేటు ముందు గంటలకొద్దీ కూర్చున్నారు. ప్రయోగం అయ్యాక ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నారు.

ఇప్పుడు ఇన్‌స్టాలో దొరికే డైట్ చార్టులు చూడండి. చాలావాటిలో రోజుకి 1,200 కేలరీలు అని ఉంటుంది. చరిత్రలో "ఆకలి ప్రయోగం" అని పేరుపడ్డ దానికంటే అది తక్కువ. అలాంటి చార్టు పట్టుకుని రాత్రి పదింటికి రీల్స్‌లో కుండ బిర్యానీ వీడియోలు చూస్తున్నారంటే మీలో లోపం ఏమీ లేదు. ఆ 36 మంది వంటల పుస్తకాలు తిరగేశారు, మీరు రీల్స్ తిరగేస్తున్నారు, అంతే.

దీని వెనక హార్మోన్లున్నాయి. ఒంట్లోని కొవ్వు లెప్టిన్ అనే హార్మోన్‌తో "నిల్వ ఉంది, చాలు" అని మెదడుకి చెప్తుంది. ఖాళీ కడుపు గ్రెలిన్‌తో "పెట్టు" అంటుంది. బరువు తగ్గితే మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందిని పది వారాలు చాలా తక్కువ కేలరీల మీద ఉంచి, వాళ్ళ హార్మోన్లు ఏడాది తర్వాత మళ్ళీ చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఏడాదైనా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. అంటే మీరు డైట్ సంగతి మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు.

నిద్ర సంగతి ఇంకోటి. 2004లో షికాగోలో 12 మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ళ మనసు ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీదకి పోయింది. రిలీజ్ ఉన్న వారం మా ఆఫీసులో చిప్స్ ప్యాకెట్లు ఎందుకు ఖాళీ అవుతాయో నాకప్పుడు అర్థమైంది.

నాయనమ్మ చెప్పిన మాట

ఇవన్నీ చదివి, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మని అడిగాను. "మీ రోజుల్లో ఎవరూ డైట్ చెయ్యలేదు కదా, అంత నిగ్రహం ఎలా వచ్చింది?" అని. మనవడు తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది.

"నిగ్రహమా పాడా? లేక తినలేదురా అయ్యా. అరిసె తినాలంటే బియ్యం నానబొయ్యాల, దంచాల, పాకం పట్టాల, నలుగురు ఆడోళ్ళు చెయ్యేయాల. ఏడాదికోసారి పెద్ద పండక్కి వండుకునేవాళ్ళం. మిగతా రోజుల్లో అరిసె ఎక్కడిది?"

"మరి తినాలనిపించేది కాదా?"

"ఎందుకనిపించదూ! పండగ వస్తది కదా అనుకునేవాళ్ళం."

ఆ రాత్రంతా ఆ మాటే నా బుర్రలో తిరిగింది. ఊళ్ళో తీపికి తిథి ఉండేది. భోగికీ సంక్రాంతికీ అరిసెలు. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. ఎండల్లో తాటిముంజలు, మామిడిపళ్ళు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు, కుడుములు. అట్లతద్దికి అట్లు. చలికాలం తేగలు. తిరనాళ్ళకి జీళ్ళు, ఖర్జూరాలు. మనసు ఎప్పుడైనా అడుగుతుంది, కానీ "ఎప్పుడు?" అన్నదానికి ఊరి దగ్గర ఓ జవాబుండేది. "వద్దు" అని ఎవరూ అనలేదు. "ఇప్పుడు కాదు, పండక్కి" అన్నారు.

అది స్వర్ణయుగం అని నేననడం లేదు. అందులో లేమి ఉంది, ఆడవాళ్ళ నడుం విరిగే చాకిరీ ఉంది. నాయనమ్మకి ఆ రోజులు తిరిగి రావాలని లేదు, నాకూ లేదు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ తరాన్ని కాపాడింది గొప్ప మనోబలం కాదు. వస్తువుకీ నోటికీ మధ్య ఉన్న దూరం. ఇప్పుడు ఆ దూరం అరగంట డెలివరీ. ప్రతి రోజూ పండగే, ఏ పండక్కీ రుచి లేదు.

దూరం దానంతట అది తిరిగి రాదు. మనమే పెట్టుకోవాలి. నేను చేసింది ఇంతే. నాకిష్టమైనవాటిలో ఒక్కటి కూడా మానలేదు. ప్రతిదానికీ ఓ తిథి పెట్టాను.

ముందు లాగ్ చూడాలి

సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా తేడా వస్తే ముందు లాగ్ చూస్తాం. అందుకే మొదటి రెండు వారాలు తిండిలో ఏమీ మార్చలేదు. ఏదైనా తినాలని మనసు గట్టిగా లాగినప్పుడల్లా ఫోన్ నోట్స్‌లో మూడు ముక్కలు రాశాను. టైమ్ ఎంత, ఎక్కడున్నాను, ఏం అడిగింది. పధ్నాలుగు రోజుల్లో 37 సార్లు. అందులో 24 సార్లు సాయంత్రం అయిదున్నర, ఎనిమిదిన్నర మధ్యే. ఎక్కువగా అడిగినవి మూడే. బిర్యానీ, పునుగులు, తీపి. మధ్యాహ్నం అన్నం, చారు, వేపుడుతో సరిపెట్టిన రోజుల్లో సాయంత్రం పోరు ఎక్కువ. పప్పో, గుడ్డో, చేపో గట్టిగా తిన్న రోజుల్లో తక్కువ. ఆరు గంటల కంటే తక్కువ పడుకున్న మర్నాడు మాత్రం ఏం తిన్నా పోరు తప్పలేదు.

అంటే రోజంతా యుద్ధం చెయ్యాల్సిన పనిలేదు. మూడు గంటలు చూసుకుంటే చాలు.

అందుకని అయిదింటికే, ఫోన్ మోగక ముందే, తినేస్తాను. ఆఫీసుకి చిన్న డబ్బా తీసుకెళ్తా. ఓ రోజు శనగ గుగ్గిళ్ళు, ఓ రోజు ఉడకబెట్టిన గుడ్లు రెండు, ఓ రోజు గుప్పెడు వేయించిన శనగలూ ఒక జామకాయ. ఒక గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఇవి తిన్నాక కూడా బిర్యానీ మీద మనసు పోతుంది. కాకపోతే ఆకలి తోడులేని కోరిక, ఆకలి తోడున్న కోరికంత గట్టిగా లాగదు.

నా తిథులు

బిర్యానీకి నెలలో రెండు శనివారాలు. ఫ్రెండ్స్‌తో హోటల్‌కెళ్ళి, ప్లేట్లో వడ్డించుకుని తినాలి. ఒంటరిగా, లాప్‌టాప్ ముందు, ప్లాస్టిక్ డబ్బాలోంచి కాదు. తీపికి ఆదివారం మధ్యాహ్నం, భోజనం అయ్యాక. ఒక్కటే, కానీ నాకు నిజంగా ఇష్టమైనది. ఆఫీసులో ఎవరి బర్త్‌డేకో వచ్చే క్రీమ్ కేకు నాకు ఇష్టమే కాదని అప్పుడే తెలిసింది. ఎదురుగా ఉంది కాబట్టి అన్నాళ్ళూ తిన్నాను, అంతే. పునుగులకి ఊరెళ్ళే రోజు. నందిగామ బస్టాండ్ దగ్గర దిగాక, చందర్లపాడు బస్సు వచ్చేలోపు, వేడివేడిగా ఒక ప్లేటు, అల్లం చట్నీతో. సూర్యాపేట దగ్గర బస్సు ఆగినప్పుడు ఏమీ కొనను. నందిగామలో పునుగులున్నాయని తెలుసు కాబట్టి అదేమంత కష్టం కాదు.

పండగలు ఈ లెక్కలోకి రావు. పండగ అంటే పండగే.

మనసు లాగినప్పుడు నేను చెప్పుకునే మాట "వద్దు" కాదు, "శనివారం". ఆశ్చర్యం ఏంటంటే, శనివారం వచ్చేసరికి ఒక్కోసారి బిర్యానీ మీద అంత మోజు ఉండదు. అయినా వెళ్తాను. తిథి అంటే తిథే. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటేనే మనసు మళ్ళీసారి నమ్ముతుంది. "తర్వాత తిందువులే" అని చెప్పి ఎప్పటికీ పెట్టకపోతే, చిన్నపిల్లలైనా రెండోసారి నమ్మరు.

తిథి కాని రోజు కోరిక గట్టిగా వస్తే ఓ చిట్కా ఉంది. వినడానికి నవ్వొస్తుంది గానీ దీని మీద పరిశోధన జరిగింది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు టెట్రిస్ ఆటతో పరీక్షించారు. పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆ పాత వీడియో గేమే. మూడు నిమిషాలు ఆడితే తిండి కోరిక బలం తగ్గింది. ఎందుకంటే కోరిక బతికేది బొమ్మ మీద. బిర్యానీ ఆవిరి, పైన వేయించిన ఉల్లిపాయ కళ్ళముందు కనిపిస్తేనే నోరూరుతుంది. ముక్కలు పేర్చడంలో బుర్రలోని అదే తెర బిజీ అయిపోతే బిర్యానీ బొమ్మకి చోటుండదు. మనల్ని లాగే ఫోన్‌తోనే తప్పించుకోవచ్చన్నమాట. ఇంకోటి, నోటిఫికేషన్లు ఆపేయండి. ఆ పని చేసేవాడిగా చెప్తున్నా, మమ్మల్ని ఓడించడానికి సెట్టింగ్స్‌లో ఆ ఒక్క బటన్ చాలు.

ప్లేట్లో చిన్న మార్పు

అన్నం మానలేదు. మా వైపు అన్నం మానమంటే భోజనం మానమన్నట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 2,000 కేలరీల మనిషికి చెప్పిన లెక్కలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన కంచం చూసుకుంటే ఈ లెక్క తిరగబడి ఉంటుంది. కొండలా అన్నం, అంచున కూర.

మా రూమ్‌లో వంటకి వచ్చే అక్కకి రెండే చెప్పాం. కూర రెట్టింపు చెయ్యక్కా, నూనె మాత్రం ఇంతకుముందులాగే పొయ్యి. దొండకాయ, బీరకాయ, సొరకాయ, తోటకూర, గోంగూర, ఏదైనా సరే. తినేటప్పుడు ముందు కూర సగం, పప్పు కాస్త ఉత్తిగానే తింటాను. అన్నం ఆ తర్వాత. దీనికీ ఆధారం ఉంది. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వాళ్ళు 11 మంది షుగర్ పేషెంట్లకి ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండి పదార్థం చివర్లో తిన్న రోజు, గంట తర్వాత చూస్తే షుగర్ పెరుగుదల మూడో వంతుకు పైగా తక్కువ. చిన్న అధ్యయనమే. కానీ ఖర్చు లేని పని.

టీ సంగతి కూడా లెక్కేశాను. రోజుకి నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు, చెంచాకి అయిదు గ్రాముల పంచదార. మొత్తం 40 గ్రాములు. రోజుకి 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఏ స్వీటూ ముట్టకుండానే నేను గీత దాటేస్తున్నాను, అదీ రుచి కూడా తెలియని పంచదారతో. టీలు రెండయ్యాయి, చెంచాలు ఒకటయ్యాయి. అలా మిగిలింది ఆదివారం తీపికి.

ప్యాకెట్ సరుకు రూమ్‌లో ఉంచం. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట, ఎంత కావాలంటే అంత పెట్టింది. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో వాళ్ళు తెలియకుండానే రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. చిప్స్ ప్యాకెట్ కావాలంటే మెట్లు దిగి కొట్టుకెళ్ళాలి. ఆ మూడంతస్తులే నా దూరం.

ఊళ్ళో ఇంకో కష్టం

రూమ్‌లో కంటే ఇంట్లో కష్టం. అక్కడ తిండి అంటే తిండి కాదు, ప్రేమ. ఆరు కిలోలు తగ్గి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే "ఏంట్రా అట్టా చిక్కిపోయావు, అక్కడ సరిగా పెట్టట్లేదా?" అంది. పక్కింటి పిన్ని అయితే "ఏమన్నా జబ్బా?" అనేసింది. తిరుగు ప్రయాణంలో జంతికలు, సున్నుండలు స్టీలు డబ్బాల్లో సిద్ధం. వద్దంటే అమ్మ మొహం చిన్నబోతుంది.

వద్దనలేదు. "అమ్మా, డబ్బాలొద్దు, నేనొచ్చిన రోజు వేడిగా చేసి పెట్టు. తీసుకెళ్ళడానికి కరివేపాకు కారప్పొడి, నువ్వుల పొడి, గోంగూర పచ్చడి ఇయ్యి" అన్నాను. అమ్మకి చెయ్యడానికి పని ఉంది, నాకు తీసుకెళ్ళడానికి అమ్మ చేతి రుచి ఉంది. ఎవరూ ఓడిపోలేదు.

నేను ఊహించనిది నాన్న విషయం. కాలెండర్ మీద నా తిథులు రాసి చూపిస్తే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇన్నేళ్ళుగా అందరూ మానెయ్యమనే చెప్పారు. ఎప్పుడు తినొచ్చో ఒక్కళ్ళూ చెప్పలా."

పదేళ్ళ పైనుంచి ఇంట్లో తీపి అంటే నాన్నకి దొంగతనం. ఎవరూ లేనప్పుడు తినడం, అమ్మ డబ్బా చూసి పోట్లాడటం, నాన్న రెండు రోజులు మూగబోవడం. ఆ మర్నాడు నందిగామలో ఆయన్ని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళి, మొహమాటం లేకుండా అడిగాం. మందులు, రిపోర్టులు చూసి ఆయన ఒప్పుకున్నారు. పౌర్ణమికి, అమావాస్యకి, మధ్యాహ్నం భోజనం చివర సగం సున్నుండ. ఆ పూట అన్నం ఓ గరిటె తక్కువ, సాయంత్రం చేను దాకా నడక. ఇది మా నాన్నకి ఆయన డాక్టర్ చెప్పిన లెక్క. మీ ఇంట్లోవాళ్ళకి వాళ్ళ డాక్టరే చెప్పాలి. ముఖ్యంగా ఇన్సులిన్, షుగర్ బిళ్ళలు వాడేవాళ్ళు తిండి మార్చినా, ఉపవాసాలున్నా ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. లేదంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. థైరాయిడ్, పీసీఓడీ ఉన్నవాళ్ళకీ అంతే. ఎంత తింటున్నామో చేతిలో లేకుండా పోతుంటే, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తుంటే, అది చిట్కాలతో తేలే విషయం కాదు. సిగ్గుపడకుండా సైకియాట్రిస్ట్‌ని కలవాలి.

పదకొండు నెలల తర్వాత

88 నుంచి 77కి వచ్చాను. నడుం 102 నుంచి 91. హెచ్‌బీఏ1సీ 5.6. నాలుగో నెలలో ఓసారి, ఎనిమిదో నెలలో ఓసారి అయిదారు వారాలపాటు ముల్లు కదల్లేదు. బీఎంఐ ఇప్పటికీ 26. లెక్క ప్రకారం ఇంకా తగ్గాలి. రోజూ నలభై నిమిషాల నడక, వారానికి రెండుసార్లు బరువులు ఎత్తడం కూడా ఉన్నాయి కాబట్టి క్రెడిట్ అంతా తిథులకే ఇవ్వను. కానీ ఈ పదకొండు నెలల్లో "డైట్ ఎప్పుడైపోతుందా" అని ఒక్క రోజు కూడా ఎదురుచూడలేదు. ఎదురుచూసింది శనివారం కోసమే.

మొదలుపెట్టాలనుకుంటే ఈ వారం తిండి తగ్గించకండి. రాసుకోండి, చాలు. ఏ గంటకి, ఎక్కడ, ఏం అడుగుతోంది. వారం తర్వాత ఆ జాబితాలో మీకు నిజంగా ప్రాణమైనవి మూడు ఏరండి. వాటికి రోజు, పూట, ఎవరితో తినాలో పెట్టండి. మిగతావి మెల్లగా వాటంతటవే జారిపోతాయి. తిథి తప్పి తిన్న రోజు వస్తే మర్నాడు పస్తుండొద్దు. పస్తుంటే ఆ సాయంత్రం ఆకలి రెండింతలై వస్తుంది. మామూలుగా కూర, పప్పు, అన్నం తినేసి తర్వాతి తిథి కోసం చూడండి.

మా ఇంట్లో గోడకున్న కాలెండర్‌లో పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నాన్న పెన్సిల్‌తో సున్నాలు చుడుతున్నాడు. మొన్న ఫోన్లో అమ్మ చెప్పింది. ఈ మధ్య డబ్బాలో సున్నుండలు లెక్క తప్పడం లేదట.